ఏడో వాక్యం

వడ్రంగి ఆ సూరాని ఎంచుకున్నది పొడవు చూసి, అర్థం చూసి కాదు. చెక్కనైనా మాటనైనా మనిషినైనా ముందు కొలిచి చూసుకోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన జబ్బు; పేటంతా ఆయన్ని చాటున కొలబద్ద అంటుంది.

మసీదులో ఇమాం గారికి ప్రతి శుక్రవారం తానొక్కరే మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. ఇక లాభం లేదనుకుని ఒక కొత్త పద్ధతి పెట్టారు. శుక్రవారం సాయంత్రం నమాజు అయ్యాక పేటలో వాళ్ళే వంతులవారీగా ఖురాన్‌లోంచి ఒక్కో చిన్న సూరా, అంటే అధ్యాయం, తీసుకుని, దాని అర్థం, అది దైవవాణిగా దిగిన నేపథ్యం తమ మాటల్లో చెప్పాలి. సూరాల పేర్లు రాసి మసీదు గోడకి కాగితం అంటించారు. వడ్రంగి పని ముగించుకుని వెళ్ళేసరికి మూడు వాక్యాల సూరాలన్నీ తన్నుకుపోయారు. నాలుగు, ఐదు, ఆరు వాక్యాలవి కూడా ఒక్కటి మిగల్లేదు. ఉన్నవాటిలో పొట్టిది ఏడు వాక్యాల 'మాఊన్'. చెవి మీది పెన్సిల్ తీసి దాని పక్కన తన గుర్తు పెట్టి, గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

"చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చిందే. రోజూ నమాజులో చదువుతూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని చెప్పేస్తాను," అన్నాడు భార్యతో.

"చెప్పడం సరే, అర్థం తెలుసా?"

"అదే నువ్వు చదివి చెప్తావు. పుస్తకం పట్టుకుంటే నాకు నిద్రొస్తుందని తెలుసుగా."

భార్యని వీధి మొత్తం వదిన అనే పిలుస్తుంది. ఆమెకంటే పదేళ్ళు పెద్ద మంగలి కూడా వదినే అంటాడు. మనమూ అలాగే అందాం. ఆ ఇంటి ముందుగది పనిగది. ఆయన కోసి, చెక్కి, బిగించి ఇస్తే, ఆమె గరుకు కాగితం రుద్ది పాలిష్ పెడుతుంది. మొగుడు చేసిన బీరువా కంటే వదిన పెట్టిన మెరుపే ముందు కనిపిస్తుందని కొనేవాళ్ళు అంటారు. ఆ మాట ఆయన చెవిన పడకుండా ఆమె జాగ్రత్తపడుతుంది, పడితే బాగుండునని కూడా అనుకుంటుంది.

ఆ పనిగదిలో చూడవలసింది గోడ. దాని మీద వడ్రంగి తన పనిముట్లన్నిటికీ ఆకారాలు గీసిపెట్టాడు. ఉలి ఉండే చోట ఉలి గీత, రంపం ఉండే చోట రంపం గీత. ఏది లేకపోయినా ఖాళీ గీత ఆయన మొహంలోకి చూస్తుంది. సాయంత్రం కొట్టు కట్టేముందు ఆ గోడ ముందు నిలబడి ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి చూస్తేగాని ఆయనకి అన్నం సహించదు.

దీన్ని బట్టే మీకు అర్థమై ఉంటుంది. అరువు అన్న మాట ఆ గుమ్మంలో చెల్లదు. ఆయన పిసినారి కాదు సుమండీ. ఆకలన్నవాడికి తన పళ్ళెం జరిపేస్తాడు, ఏటా పేదలకివ్వాల్సిన జకాత్ ఒక్క రోజు ఆలస్యం చెయ్యడు. కానీ స్క్రూడ్రైవర్ అడిగితే మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. మంగలి ఒకసారి నిచ్చెన అడిగితే, "ఇవాళ బాగా అలిసిపోయింది, పడుకోనీ" అన్నాడట నిచ్చెన గురించి.

శనివారం ఉదయం వదిన పుస్తకం ముందేసుకుని కూర్చుంది. వడ్రంగి ఒక తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నాడు.

"వినండి. 'తీర్పు రోజుని అబద్ధమనేవాణ్ణి చూశావా? అనాథని గెంటేసేవాడు వాడే. పేదవాడికి తిండి పెట్టమని ఎవరికీ చెప్పనివాడు.' ఇవి మూడు వాక్యాలు."

"నేపథ్యం?"

"మక్కాలో దిగిందని కొందరు, సగం మక్కాలో సగం మదీనాలో అని కొందరు. అక్కడ ఒక పెద్దమనిషి ఒంటెని కోయించాడట. ఒక అనాథ వచ్చి కాస్త మాంసం పెట్టమంటే కర్రతో కొట్టి తరిమేశాడట. ఆ పెద్దమనిషి ఎవరన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు."

చిత్రిక ఆగిపోయింది. వడ్రంగి చెక్క మీది పొట్టుని అరచేత్తో పక్కకి తోశాడు.

"అమ్మా నాన్నా పోయేసరికి నాకు పదిహేడు, చెల్లికి ఏడు," అన్నాడు. "దాన్ని నేను ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అవునా?"

"నేనప్పటికి రాలేదుగా. కానీ అదే చెప్పేది, మా అన్న నాకు జడ కూడా వేసేవాడని."

"వంకరగా వేసేవాణ్ణి." కాస్త నవ్వాడు. "అది మనింటికొచ్చి ఏడాదవుతోంది కదూ? పెద్దదైపోయింది. పనులుంటాయి. అన్న ఎక్కడ గుర్తుంటాడు."

వదిన తల వంచుకుని పేజీ తిప్పింది. తిప్పవలసిన అవసరం లేదు, ఆ సూరా ఆ పేజీలోనే అయిపోయింది.

ఆ ఏడాది సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి, దాచి ప్రయోజనం లేదు. ఆడబిడ్డ రెండు వీధుల అవతల ఉంటుంది, బట్టలు కుడుతుంది. వదినా ఆడబిడ్డా అంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళకి వీళ్ళిద్దరూ సమాధానం. రోజూ మధ్యాహ్నం కుట్టుపని సంచీతో సహా వచ్చి, పాలిష్ వాసనలో కూర్చుని, వడ్రంగి మీద ఇద్దరూ కలిసి జోకులేసుకుని నవ్వేవాళ్ళు. పోయినేడు ఆడబిడ్డ ఇంటికి చుట్టాలు పాతికమంది వస్తున్నారని వదిన దగ్గరున్న పెద్ద గిన్నె అడిగింది. వదిన ఆ గిన్నెని అంతకు ముందు నెలలోనే ఇష్టపడి కొనుక్కుంది. ఇంకా పొయ్యి మీదకి కూడా ఎక్కించలేదు. ఇవ్వడానికి మనసు రాలేదు, ఇవ్వనని చెప్పడానికి నోరు రాలేదు. నాలుక మీదకి తేలిగ్గా ఒక మాట వచ్చి కూర్చుంది.

"మీ అన్నయ్య సామాను గడప దాటించొద్దన్నారు."

ఎవరైనా నమ్మే మాటే. నిచ్చెనని పడుకోబెట్టే మనిషి గిన్నెకి అడ్డు చెప్పడా? ఆడబిడ్డ నమ్మింది. "అన్నయ్యే అన్నాడా? నాకివ్వొద్దనే?" అని రెండుసార్లు అడిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మర్నాడు గిన్నె తీసుకుని పరిగెత్తి ఉంటే సరిపోయేది. కానీ వెళ్తే నిజం చెప్పాలి. రేపు, రేపు అనుకుంటూ ఏడాది చేసింది. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ గదిలో గరుకు కాగితం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆడబిడ్డ తిరిగి రావాలి. వదినకి కావలసింది అంతకంటే ఏమీ లేదు.

ఆదివారం నాలుగు, ఐదు వాక్యాలు. "'నమాజు చేస్తూ, ఆ నమాజు మీదే ధ్యాస లేనివాళ్ళకి చేటు.'"

"మంగలి!" అన్నాడు వడ్రంగి ఠక్కున. "నడుం వంచే రుకూలో ఆవలిస్తాడు. నేను పక్కనే ఉంటానుగా, వినిపిస్తుంది."

"ఆయన ఆవలింత మీకు వినిపించిందంటే మీ ధ్యాస ఎక్కడున్నట్టు?"

వడ్రంగి సమాధానం చెప్పేలోపు ఇస్త్రీ చేసే అతను గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల కాలు ఊగుతోందట, సుత్తి ఒక్క నిమిషం ఇస్తే రెండు మేకులు కొట్టుకుంటాడట.

"సుత్తి ఇవ్వనయ్యా. బల్ల ఇక్కడికి పట్రా, నేనే కొట్టిస్తా."

"అంత బల్ల మోసుకురావాలా?"

"అయితే ఊగనీ. గాలికి ఊగుతోందనుకో."

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. వదిన గబగబా ఏడో వాక్యం చూసుకుంది. ఆ రోజు ఉదయం నుంచే చూసుకుంటోంది. చూసినకొద్దీ ఆమె కళ్ళలో చిలిపితనం ముదురుతోంది. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఈయన విషయంలో ఎంత నిజం అనుకుంది. ఆ సామెత తనకి కూడా వర్తిస్తుందని ఆ క్షణాన తోచలేదు.

ఆమెకి తోచింది వేరు. ఈ సూరాలో తనకి కావలసిన దారి ఉంది. ఈయన ఏడో వాక్యం విన్నాక సిగ్గుపడతాడు. సిగ్గుపడితే ఊరందరి దగ్గరకీ వెళ్తాడు. ఊరందరితో పాటు చెల్లెలి దగ్గరకీ వెళ్తాడు, గిన్నె ఆయనే పట్టుకెళ్తాడు. అన్నాచెల్లెళ్ళు ఒకటవుతారు. తను నిజం బయటపెట్టనక్కర్లేదు. పాము చావాలి, కర్ర విరక్కూడదు.

మంగళవారం ఆరో వాక్యం చెప్పింది. "'పదిమంది కళ్ళలో పడాలని చేసేవాళ్ళు.'"

"అత్తరు కొట్టాయన," అన్నాడు వడ్రంగి. "నేనెళ్ళేసరికే మొదటి వరసలో కూర్చుని ఉంటాడు. ఆ చోటు కోసం నేను పావుగంట ముందెళ్ళాల్సొస్తోంది."

వదిన పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ రోజు చెక్కకి పాలిష్ రెండు పూతలు ఎక్కువ పడింది.

ఏడోది మాత్రం ఆమె గురువారం దాకా చెప్పలేదు. బుధవారం అడిగితే తలనొప్పంది. గురువారం మధ్యాహ్నం ఆయన కంగారుపడి పని ఆపేసి ఎదురుగా కూర్చున్నాక, పుస్తకం తెరిచింది.

"'మాఊన్ కూడా ఇవ్వనివాళ్ళు.' అంతే. సూరా పేరు ఇక్కడినుంచే."

"మాఊన్ అంటే?"

"కొందరు జకాత్ అన్నారు."

వడ్రంగి మొహం వికసించింది. "అదే అయ్యుంటుంది! జకాత్ మనం ఏనాడూ ఎగ్గొట్టలేదు."

"ఇంకా ఉంది, ఆగండి. ప్రవక్తగారి సహచరుల్లో ఒకాయన చెప్పారట, మా కాలంలో బాల్చీ, వంటగిన్నె అరువివ్వడాన్ని మేము మాఊన్ అనేవాళ్ళమని. ఇరుగుపొరుగు అడిగే చిన్న సామాను. గొడ్డలి, సూది, ఉప్పు, నిప్పు." ఊపిరి తీసుకుని తన సొంత కవిత్వం కలిపింది. "సుత్తి, నిచ్చెన."

"అవి పుస్తకంలో ఉన్నాయా?"

"గొడ్డలి ఉందిగా. దాని చుట్టాలే."

వడ్రంగి లేచాడు. గోడ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. ఎడమ నుంచి కుడికి చూశాడు. ఒక్క గీత కూడా ఖాళీ లేదు. ఎప్పుడూ ఆయనకి తృప్తినిచ్చే సంగతి అదే.

"ముప్ఫై అయిదేళ్ళుగా చదువుతున్నాను," అన్నాడు చివరికి. "రోజూ. ఆ గోడకేసి తిరిగి కూడా చదివాను."

వదినకి నవ్వు రావాలి. నాలుగు రోజులుగా ఈ నవ్వు కోసమే కాచుకుంది. తీరా చూస్తే ఆయన మెడ వెనక భాగం చూసి జాలేసింది.

ఆయన మాత్రం వడ్రంగి కదా, జాలితో పని జరగదు, కొలత కావాలి. ఒక చెక్క పలక ముక్క తీసుకుని, చెవి మీది పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పు. ఎవరెవరికి ఏమేం లేదన్నాను? నీకు గుర్తుంటాయి. నా తప్పులు నీకెప్పుడూ గుర్తుంటాయి."

జాలి ఎగిరిపోయింది. వదిన వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. మంగలికి నిచ్చెన. ఇస్త్రీ అతనికి సుత్తి. ఎదురింటి టీచరమ్మకి కొలత టేపు. అత్తరు కొట్టాయనకి రంపం, రెండుసార్లు. ఇమాం గారికి స్క్రూడ్రైవర్.

"ఇమాం గారికి కూడానా?"

"పిడి అరిగిపోతుందన్నారు."

ఆయన బుద్ధిగా రాసుకుంటూ పోయాడు. ఇరవై రెండు లెక్క తేలాయి. "ఇంకా?" అన్నాడు.

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. కానీ ఈ పన్నాగమంతా దేనికోసం పన్నిందో ఆ మాట చెప్పకుండా ఎలా ఆగుతుంది?

"మీ చెల్లి," అంది. "పోయినేడు పెద్ద గిన్నె అడిగింది."

పెన్సిల్ గాల్లో నిలిచిపోయింది. "నా చెల్లా? నేను ఇవ్వనన్నానా?"

"అన్నారు."

రెండోసారి ఆడిన అబద్ధం మొదటిదానంత తేలిగ్గా రాలేదు. వడ్రంగి నుదురు చిట్లించి చాలాసేపు గుర్తుచేసుకోవడానికి తంటాలుపడ్డాడు. లేనిది ఎక్కడ గుర్తొస్తుంది?

"అని ఉంటాను," అన్నాడు ఆఖరికి. "నా నోరు నాకు తెలుసుగా. నువ్వు అబద్ధం ఎందుకు చెప్తావు? అందుకా అది రావడం లేదు..." పలక మీద అడుగున, మిగతావాటి కంటే పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు.

వదిన ఆ సాయంత్రం పాలిష్ సీసా మూత పెట్టడం మర్చిపోయింది. అది గడ్డకట్టి పాడైంది.

శుక్రవారం సాయంత్రం మసీదు నిండుగా ఉంది. కొలబద్ద మాట్లాడతాడట అని తెలిసి, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఆడవాళ్ళు పక్కగదిలో తెర వెనక కూర్చున్నారు. ఆడబిడ్డ కూడా వచ్చి, వదినకి ఆ చివర, గోడవారగా కూర్చుంది. అన్న మీద కోపం ఉంది గానీ అన్న పదిమందిలో తడబడితే చూస్తూ ఊరుకునేంత కోపం కాదు.

వడ్రంగి తడబడలేదు. మొదటి మూడు వాక్యాలు, ఒంటె కథ, అనాథని కొట్టిన కర్ర, అన్నీ చెప్పాడు. నమాజులో ధ్యాస గురించి చెప్తూ, "నేను ఇతరుల ఆవలింతలు లెక్కపెడుతూ నమాజు చేశాను" అన్నాడు. మంగలి రాబోతున్న ఆవలింతని మింగేశాడు. పదిమంది చూడాలని చేసే పని గురించి చెప్తూ, "మొదటి వరస కోసం పావుగంట ముందొచ్చాను, దేవుడి కోసం కాదు, అత్తరు కొట్టాయన కంటే ముందుండాలని" అన్నాడు. నవ్వులు మొదలయ్యాయి.

ఏడో వాక్యం దగ్గర చంకలోంచి పలక తీశాడు.

"ఇక్కడ ఇరవై మూడు ఉన్నాయి. చదువుతాను. ఎవరిది వస్తే వాళ్ళు నన్ను క్షమించండి, రేపట్నుంచి వచ్చి పట్టుకెళ్ళండి. పట్టుకెళ్ళాక మాత్రం దయచేసి..." ఇమాం గారు దగ్గారు. "సరే, దయచేసి ఏమీ లేదు. పట్టుకెళ్ళండి."

ఒక్కొక్కటే చదువుతుంటే మసీదు పకపకలాడిపోయింది. ఇమాం గారి స్క్రూడ్రైవర్ దగ్గర ఇమాం గారే గట్టిగా నవ్వారు. తెర వెనక ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. వదిన నవ్వలేదు. లెక్కపెట్టుకుంటోంది. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

"ఆఖరిది," అన్నాడు వడ్రంగి. పలక కిందికి దించాడు. "నా చెల్లెలు గిన్నె అడిగితే ఇవ్వనన్నానట. నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఇంకా పెద్ద తప్పు. ఏడేళ్ళ పిల్లని ఎత్తుకుని పెంచాను, దానికి నేనున్నానని గర్వపడ్డాను. గిన్నె దగ్గర గెంటేశాను. మొదటి వాక్యాల్లో ఉన్నది కూడా నేనేనేమో. చెల్లెమ్మా, లోపలున్నావో లేదో... తప్పైపోయింది."

తెర వెనక అందరూ ఆడబిడ్డ వైపు తిరిగారు. ఆమె కొంగుతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. ఏడాది కోపం కరిగిపోవడం అక్కడున్న అందరికీ కనిపించింది. వదిన అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. పాము చచ్చింది, కర్ర విరగలేదు. ఇక ఆమె చెయ్యవలసిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం.

అంత సులువైన పని ఆమెకి చేతకాలేదు.

"ఆ ఒక్కటి కొట్టెయ్యండి!" అని తెర వెనకనుంచి కేక వినిపించింది. అది తన గొంతే అని వదినకి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది.

మగవాళ్ళంతా తెర కేసి తిరిగారు.

"ఏది?" అన్నాడు వడ్రంగి పలక చూసుకుంటూ.

"ఇరవై మూడోది. ఇవ్వనన్నది మీరు కాదు, నేను. కొత్త గిన్నె, మనసొప్పలేదు. మీ పేరు చెప్పాను. మీ పేరు చెప్తే ఎవరైనా నమ్ముతారని. నిన్న మళ్ళీ మీతోనే చెప్పాను."

వడ్రంగి గొంతు మెల్లగా వినిపించింది. "మరి మిగతా ఇరవై రెండూ?"

"అవి మీవే!"

మళ్ళీ ఘొల్లుమన్నారు. వదినకి ఆ నవ్వు వినపడలేదు. ఆడబిడ్డ కొంగు తీసి ఆమెకేసే చూస్తోంది. లేచి, అందరినీ దాటుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏడాదిపాటు మా అన్నని తిట్టుకున్నాను వదినా," అంది. "పడుకోబోతూ తిట్టుకున్నాను, లేస్తూ తిట్టుకున్నాను. గిన్నె నాకొద్దు. ఆ ఏడాది తిరిగి ఇస్తావా?"

వదిన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. తల వంచుకుని ఏడ్చింది. ఆడబిడ్డ ఆమెని దాటుకుని బయటికి, అన్న దగ్గరకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆడబిడ్డ కుట్టుపని సంచీతో వచ్చింది. పనిగదిలో అన్న పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. అన్నతోనే మాట్లాడింది, అన్నతోనే నవ్వింది. మూడడుగుల దూరంలో పాలిష్ రుద్దుతున్న వదినకేసి ఒక్కసారి కూడా చూడలేదు. గంట గడిచింది.

"అన్నయ్యా, మీ ఆవిణ్ణి టీ పెట్టమను," అంది.

"టీ పెట్టమంటోంది," అన్నాడు వడ్రంగి. ఇద్దరి మధ్యా తలుపు బందులా తిరుగుతూ ఆయన మహా ఇబ్బందిపడుతున్నాడు.

వదిన చేతులు తుడుచుకుని లేచింది. వంటింటి గుమ్మంలో ఆగింది. "పంచదార ఎన్ని చెంచాలో అడగండి."

వడ్రంగి నోరు తెరిచేలోపు ఆడబిడ్డ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది. "ఎన్నో తెలీదా వదినా నీకు?"

"తెలుసు," అంది వదిన. "నీ నోటితో విందామని."